తాబేలుతో ముగ్గులేయిస్తూ కోడింగ్: లోగో, స్క్రాచ్, పైతాన్ – మన గుంటలకి ఏది ముందు?

పాతపట్నం నుంచి ఒకావిడ మొన్న ఫోన్ చేసి, "మావోడి స్కూలు పుస్తకంలో లోగో అని ఉందమ్మా, కోచింగ్‌కి వెళ్ళి అడిగితే అది పాతదైపోయింది, డైరెక్టుగా పైతాన్‌లో చేర్పించండి అంటన్నారు, మా మరిదేమో స్క్రాచ్ ఫ్రీయే కదా వదినా అదే పెట్టు అంటన్నాడు, ఏటి చెయ్యమంటావ్?" అని అడిగారు. ఇదే ప్రశ్న ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధిలోనే ఈ ఏడాది ఐదారుగురు అడిగారు, గునుపురం నుంచి మా చుట్టాలావిడ కూడా అడిగింది, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందని ఇది. నేను సాయంత్రాలు ఇంట్లో పదిమంది గుంటలకి కంప్యూటర్ చెప్తాను, వీటన్నింటితోనూ పిల్లల్ని కూర్చోబెట్టి చూసినదాన్ని, అందుకని నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

లోగో, స్క్రాచ్, పైతాన్ మూడూ కంప్యూటర్‌కి పనులు చెప్పే భాషలే. ఏది ఎవరికో ముందే చెప్పేస్తా. 8 ఏళ్ళ లోపు గుంటలకైతే నేల మీద సుద్దముక్క, తర్వాత స్క్రాచ్. 9 నుంచి 12 దాకా లోగో, కోచింగ్ వాళ్ళు ఎంత పాతదన్నా సరే లోగోనే. 13 దాటినవాళ్ళకి నేరుగా పైతాన్ టర్టిల్, అంటే పైతాన్‌లో ఉండే తాబేలు. అయితే ఈ వయసులు గీత గీసినట్టు పట్టుకోవద్దు, ఎందుకంటే అసలు చూడాల్సింది వయసు కాదు, మీ గుంట ఎక్కడ ఆగిపోతున్నాడు అన్నది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టడం దగ్గర ఆగుతున్నాడా, కుడి ఎడమల దగ్గరా, లేకపోతే కోణం అంటే ఏటో తెలీక ఆగుతున్నాడా? ఈ మూడింటికీ మందులు వేరు.

మన పక్క పిల్లల సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, టీవీలో హిందీ, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు. నా దగ్గరకొచ్చే ఒక పాపకి కుడి అంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి, అదే ఒడియాలో డాహాణొ అంటే చెయ్యి టక్కున లేస్తుంది, దాని తమ్ముడికి అదే తెలుగులో చెప్తేనే తెలుస్తుంది, ఇంక రైట్ అంటే ఇద్దరికీ స్కూల్లో టీచరు పుస్తకంలో పెట్టే టిక్కు గుర్తొస్తుంది. ఇలాంటి పిల్లల్ని తీసుకెళ్ళి మొదటి రోజే ఇరవై ఇంగ్లీషు మాటలున్న ప్రోగ్రాం ముందు పడేస్తే వాళ్ళు కోడింగ్ కష్టం అనుకుంటారు, నిజానికి కష్టమైంది కోడింగ్ కాదు, ఆ మాటలు. తాబేలు పద్ధతి, అంటే స్క్రీన్ మీద తాబేలుకి ఇటు నడు, అటు తిరుగు అని చెప్తూ బొమ్మ గీయించడం, నాకు ఇంత నచ్చడానికి కారణం ఇదే, దాంట్లో మొదటి నెలంతా ఐదారు మాటలతో గడిచిపోతుంది: ముందుకి, వెనక్కి, కుడికి తిరుగు, ఎడమకి తిరుగు, పెన్ను ఎత్తు, పెన్ను దించు. అంతే. ఈ ఐదారు మాటలతోనే చదరం, నక్షత్రం, పద్మం ముగ్గు, అన్నీ వస్తాయి.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లోగో అనే భాష 1967లో అమెరికాలో పుట్టింది, సైమూర్ పేపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్ అనేవాళ్ళు కలిసి పిల్లల కోసమే తయారు చేశారు. పేపర్ట్ అంతకుముందు జెనీవాలో పిల్లల బుద్ధి ఎలా ఎదుగుతుందో చూసే పియాజే దగ్గర పనిచేసొచ్చినాయన. తాబేలు ఆ మొదటి లోగోలో లేదు, కొన్నాళ్ళకి వచ్చింది, మొదట్లో అది స్క్రీన్ మీద బొమ్మ కూడా కాదు, నేల మీద పాకే చిన్న యంత్రం, కింద పెన్ను పెట్టుకుని కాగితం మీద గీసుకుంటూ పోయేది. ఆ తాబేలే తర్వాత స్క్రీన్ మీదకెక్కింది, స్క్రాచ్‌లో పిల్లి అయింది, పైతాన్‌లో బాణం గుర్తు అయింది. పేర్లు వేరైనా లోపల సంగతి ఒకటే, అది ఎక్కడుందో, ఏ వైపు చూస్తోందో గుర్తుంచుకుంటుంది, చెప్పినంత నడుస్తుంది, పెన్ను దించి ఉంటే వెనకాల గీత మిగులుతుంది. గంజాం వైపు ఋషికుల్య రేవులో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు ఇసకలో జాడ వదిలి వెళ్తాయి చూడండి, నా దగ్గర పిల్లలకి నేను అదే చెప్తాను, పెన్ డౌన్ అంటే ఇసకలో నడవడం, పెన్ అప్ అంటే నీళ్ళలో ఈదడం. మళ్ళీ ఎవరూ అడగలేదు ఆ సందేహం.

ముందు నేల, తర్వాతే కంప్యూటర్

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఒక వారం రోజులు దీనికివ్వండి, ఖర్చు ఒక సుద్దముక్క. ఒక గుంట తాబేలు అవుతాడు, ఇంకొకడు చెప్తాడు, నాలుగు అడుగులు ముందుకి, కుడికి తిరుగు, నాలుగు అడుగులు ముందుకి. చెప్పేవాడు తాబేలుకి ఎదురుగా నిలబడితే తన కుడి అది తాబేలుకి ఎడమ అవుతుంది, ఇక్కడే పెద్ద గొడవ జరుగుతుంది, జరగనివ్వండి, ఆ గొడవలోనే వాళ్ళకి అర్థమవుతుంది కుడి ఎడమలు చూసేవాడి లెక్కలో కాదు, నడిచేవాడి లెక్కలో అని. స్క్రీన్ మీద తాబేలు కిందకి చూస్తున్నప్పుడు పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే, నేల మీద ఆడినవాళ్ళు కుర్చీలోనే ఒళ్ళు తిప్పుకుని చూసుకుంటారు.

త్రిభుజం దగ్గర అసలు పని ఉంది. మూడు కోణాలూ 60 అని స్కూల్లో చదువుకున్నారు కదా, తాబేలుకి 60 తిరగమని చెప్తారు, చెప్తే త్రిభుజం రాదు, మూడు గీతలు గీసేసరికి గిన్నె ఆకారంలో తెరుచుకుపోయి ఉంటుంది. అప్పుడు నడిపించండి. మూలకొచ్చాక తాబేలు లోపలి కోణం అంత తిరగడం లేదు, తను వెళ్తున్న దారి నుంచి కొత్త దారికి ఎంత తిప్పుకోవాలో అంత తిరుగుతోంది, అది 120. చదరంలో లోపలి కోణమూ బయటి కోణమూ రెండూ 90 కాబట్టి ఈ తేడా ఎవరికీ కనబడదు, త్రిభుజంలోనే బయటపడుతుంది. చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికి, మొదట చూసిన వైపుకే వచ్చావంటే మొత్తం మీద 360 తిరిగినట్టే, మూడు మూలలైతే ఒక్కోదానికి 120, ఆరైతే 60, ఐదు కొనల నక్షత్రానికి 144, అంటే రెండు చుట్లు. దీన్ని బోర్డు మీద రాసి చెప్తే మర్చిపోతారు, వాకిట్లో నడిస్తే మర్చిపోరు, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

లోగో: పాతదే, అయినా నా మొదటి ఓటు దీనికే

విండోస్ కంప్యూటర్ ఉంటే ఎఫ్‌ఎంఎస్‌లోగో వేసుకోండి, ఉచితం, చిన్న సాఫ్ట్‌వేర్, ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఇంక నెట్ అక్కర్లేదు. చాలా స్కూలు పుస్తకాల్లో కనబడే ఎంఎస్‌డబ్ల్యూలోగోకి ఇది తమ్ముడు లాంటిది, కమాండ్లు దాదాపు అవే కాబట్టి పుస్తకం పక్కన పెట్టుకుని చేయొచ్చు. లినక్స్ అయితే యూసీబీలోగో ఉంది, బర్కిలీ యూనివర్సిటీలో బ్రయాన్ హార్వే వాళ్ళు చేసింది. మా ఇంట్లో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది, దాంట్లో బ్రౌజర్ తెరిస్తేనే మూలుగుతుంది, లోగో మాత్రం హాయిగా నడుస్తుంది.

(ఒక్క మాట, కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

లోగోలో ఎఫ్‌డి 100 అని కొట్టి ఎంటర్ నొక్కితే తాబేలు వెంటనే 100 అడుగులు వెళ్తుంది, ఆర్‌టి 90 అంటే కుడికి తిరుగుతుంది, మధ్యలో ఇంపోర్టులు లేవు, బ్రాకెట్లు లేవు, ఫైలు సేవ్ చేయడం లేదు. చెప్పిన పని కళ్ళముందే జరుగుతుంది, తప్పు చెప్తే అదీ కళ్ళముందే. నాలుగుసార్లు అదే కొట్టి విసుగొచ్చాక అప్పుడు చెప్పాలి రిపీట్ సంగతి: రిపీట్ 4 అని కొట్టి, చదరపు బ్రాకెట్ల మధ్య ఎఫ్‌డి 100 ఆర్‌టి 90 అని రాస్తే చదరం. విసుగు రాకముందే చెప్పేస్తే ఆ మాట విలువ వాళ్ళకి తెలీదు, ఇది నేను మొదట్లో చేసిన తప్పు.

తర్వాత వచ్చేదే లోగోలో గొప్ప సంగతి. టు అని రాసి ఒక పేరు పెట్టి, కింద కమాండ్లు రాసి, ఎండ్ అంటే తాబేలుకి ఒక కొత్త మాట నేర్పినట్టు. ఆ పేరు మన ఇష్టం. అందుకని మా పిల్లలు మొదటి వారంలోనే ముందు, కుడి, ఎడమ అని వాళ్ళే నేర్పేస్తారు, ఇంగ్లీషు స్పెల్లింగులో రాసినా మాట మాత్రం తెలుగుది, ఆ పాప డాహాణొ అని పెట్టుకుంది, ఆమె తాబేలు ఒడియా వింటుంది. కంప్యూటర్ మన మాట వినడం అంటే ఏటో వాళ్ళ ముఖాల్లో అప్పుడు చూడాలి.

తప్పులొచ్చినప్పుడు లోగో పలికే తీరు కూడా పిల్లలకి అర్థమయ్యేలా ఉంటుంది. స్పెల్లింగ్ తప్పు కొడితే ఐ డోంట్ నో హౌ టు అని చెప్పి వాడు కొట్టిన ఆ తప్పు మాటే చూపిస్తుంది, అంటే నాకు ఇది రాదు, నేర్పు అన్నట్టు. అంకె మర్చిపోతే నాట్ ఎనఫ్ ఇన్‌పుట్స్ అంటుంది. ఎక్కువ మంది పడేది ఒక చిన్న గోతిలో, ఎఫ్‌డి కీ 100 కీ మధ్య ఖాళీ వదలరు, అప్పుడు లోగో దాన్నంతా ఒకే మాట అనుకుని నాకు రాదంటుంది. మొదటి రోజే చెప్పేయండి, మాటకీ అంకెకీ మధ్య స్పేస్ కొట్టాలని.

లోగోలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. చూడ్డానికి ముసలిది, రంగుల ప్రపంచం చూసిన పిల్లాడు మొదట మొహం ముడుచుకుంటాడు. అన్‌డూ ఉండదు, గీత తప్పైతే పెన్‌ఎరేజ్ పెట్టి వెనక్కి నడిపించాలి. అంచు దాటితే తాబేలు అటుపక్క నుంచి తిరిగొస్తుంది కాబట్టి పెద్ద అంకె కొట్టినోడి స్క్రీన్ నిండా గీతలే. ఇంకోటి, పెద్దయ్యాక ఉద్యోగానికి లోగో ఎవరూ అడగరు, నిజమే. కానీ ఆరో క్లాసు వాడికి మనం నేర్పేది ఉద్యోగం కాదు కదండీ, ఒక పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ పేరు పెట్టడం, అది వచ్చినవాడికి పైతాన్ రెండు మూడు వారాల్లో ఎక్కుతుంది, నా దగ్గర ఎక్కింది.

ఉబుంటు లాంటి లినక్స్ వాడేవాళ్ళకి కేటర్టిల్ అని ఇంకోటుంది, కేడీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంఘం వాళ్ళది, ఉచితమే. లోగో పద్ధతే గానీ మాటలు కొంచెం వేరు, ఫార్వర్డ్, టర్న్‌రైట్ లాంటివి, రిపీట్‌కి మీసాల బ్రాకెట్లు, కొత్త మాట నేర్పడానికి లెర్న్ అనాలి. దీంట్లో ఒక మంచి సౌకర్యం, నెమ్మదిగా లేదా ఒక్కో అడుగే నడిపించొచ్చు, ఏ లైను దగ్గరుందో చూపిస్తూ నడుస్తుంది. తప్పెక్కడుందో వెతకడం నేర్పాలంటే ఇది లోగో కన్నా మేలు.

స్క్రాచ్: అక్షరాలు అడ్డమైతే ఇదే దారి

స్క్రాచ్ 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు తెచ్చారు, లోగో మనవరాలనుకోవచ్చు. టైపింగ్ లేదు, రంగు రంగుల దిమ్మల్లాంటి బ్లాకులు లాగి ఒకదానికింద ఒకటి తగిలించాలి, తగలకూడని చోట తగలవు కాబట్టి స్పెల్లింగ్ తప్పు, కామా తప్పు అనేవే రావు. పైన సెట్టింగ్స్ మెనూలో (పాత వెర్షన్లలో భూగోళం గుర్తు నొక్కి) భాష మార్చుకోవచ్చు, దాంట్లో ఒడియా ఉంది, ఒడియా మీడియం గుంటలకి ఇది పెద్ద సాయం. మనం తయారుచేసుకునే సొంత బ్లాకులకి పేరు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకీ, కీబోర్డు మీద అక్షరం వెతుక్కోడానికే అరనిమిషం పట్టేవాళ్ళకీ నేను స్క్రాచే ఇస్తాను.

అయితే స్క్రాచ్‌లో గీయడం అనేది మూలకి పోయింది. ఇప్పటి వెర్షన్లో పెన్ బ్లాకులు మామూలుగా కనబడవు, కింద ఎడమ మూల ఉన్న బటన్ నొక్కి పెన్ ఎక్స్‌టెన్షన్ కలుపుకోవాలి, ఇది తెలీక "దీంట్లో గీయడం లేదక్కా" అని చాలామంది వదిలేస్తారు. ప్రోగ్రాం మొదట్లో మూడు బ్లాకులు తప్పనిసరి: ఎరేజ్ ఆల్, మధ్యలోకి వెళ్ళు అంటే ఎక్స్ 0 వై 0, 90 వైపు చూడు. ఇవి లేకపోతే రెండోసారి నొక్కినప్పుడు పాత బొమ్మ మీదే, పిల్లి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే గీయడం మొదలెడుతుంది, పిల్లాడేమో బాగున్న ప్రోగ్రాం పాడైందనుకుని అన్నీ మార్చేస్తాడు. పిల్లి కూడా పెద్దది, గీసిన బొమ్మని అదే కప్పేస్తుంది, సైజు తగ్గించండి.

నాకున్న అసలు భయం వేరే. స్క్రాచ్‌లో బట్టలు మార్చడం, శబ్దాలు పెట్టడం, ఆటలు చేయడం ఇన్ని ఉన్నాయి కాబట్టి గీయమని కూర్చోబెట్టిన గుంట పది నిమిషాల్లో పిల్లికి టోపీ పెట్టే పనిలో ఉంటాడు. అది తప్పు కాదు, అదీ నేర్చుకోడమే, కానీ మీరు లెక్కలతో ముడిపెట్టి నేర్పాలనుకుంటే ఆ కోణాలు, ఆ 360 సంగతి పక్కకిపోతుంది. పక్కన పెద్దవాళ్ళెవరైనా కూర్చుని ఇవాళ ఈ ముగ్గే అని పట్టుబట్టగలిగితేనే స్క్రాచ్‌తో తాబేలు పాఠం సాగుతుంది.

పైతాన్: వయసొచ్చినవాళ్ళకి, తొందరున్నవాళ్ళకి

పైతాన్ ఇన్‌స్టాల్ చేస్తే టర్టిల్ దాంతోపాటే వస్తుంది, విండోస్‌లో వేరే ఏదీ దించక్కర్లేదు, ఉబుంటులో అయితే పైతాన్3-టీకే అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాల్సి రావచ్చు. సీబీఎస్ఈ పదకొండు పన్నెండులో కంప్యూటర్ సైన్స్ అంటే పైతానే కాబట్టి ఎనిమిది తొమ్మిది చదివేవాళ్ళు తాబేలుతో మొదలెడితే ఆ చదువు నేరుగా పనికొస్తుంది, మళ్ళీ భాష మార్చుకునే పనుండదు. పైతాన్‌తో వచ్చే ఐడిల్ అనే ప్రోగ్రాంలో హెల్ప్ మెనూ కింద టర్టిల్ డెమో అని ఉంటుంది, ముందు అది చూపించండి, ఇన్నిరకాల బొమ్మలు ఇదే తాబేలుతో వస్తాయా అని వాళ్ళకే ఉత్సాహం వస్తుంది.

మొదటి వారం ఫైలు తెరవనివ్వొద్దు. ఐడిల్ షెల్‌లోనే, అంటే లైను కొట్టగానే నడిచే కిటికీలోనే, ఫ్రమ్ టర్టిల్ ఇంపోర్ట్ స్టార్ (స్టార్ అంటే * గుర్తు) అని ఒక లైను కొట్టి, అక్కణ్ణించి ఫార్వర్డ్, రైట్ ఒక్కోటీ కొట్టనివ్వండి, అప్పుడు లోగోలాగే ఒక మాటకి ఒక కదలిక కనబడుతుంది. కోచింగుల్లో సాధారణంగా మొదటి రోజే ఫైలు రాయించి రన్ కొట్టిస్తారు, బొమ్మ మొత్తం ఒకేసారి గీసేస్తుంది, ఏ లైనుకి ఏం జరిగిందో పిల్లాడికి తెలీదు.

పైతాన్‌లో గోతులు ఎక్కువ, ముందే చెప్తాను. బ్రాకెట్ మర్చిపోతే తాబేలు కదలదు, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పట్టిస్తుంది, ఫర్ (లోగోలో రిపీట్ లాంటిది) కింద లైను లోపలికి జరగకపోతే ఎర్రగా అరుస్తుంది, ఆ అరుపు నాలుగైదు లైన్లుంటుంది, అసలు సంగతి ఎప్పుడూ ఆఖరి లైన్లో ఉంటుంది, అందుకని కింద నుంచి చదవమని అలవాటు చేయండి. లోగోలో తాబేలు పైకి చూస్తూ మొదలవుతుంది, పైతాన్‌లో కుడివైపు చూస్తూ మొదలవుతుంది, లోగో పుస్తకంలోది తెచ్చి పైతాన్‌లో చేస్తే బొమ్మ పక్కకి పడుకుని వస్తుంది, కంగారుపడకండి. అన్నింటికన్నా ఘోరమైంది ఇది: పిల్లలు తాబేలు పాఠం కదా అని ఫైలుకి టర్టిల్ అనే పేరే పెట్టి సేవ్ చేస్తారు, అప్పుడు పైతాన్ అసలు టర్టిల్‌ని వదిలేసి వీళ్ళ ఫైలునే తెరుచుకుంటుంది, ఫార్వర్డ్ అనేదే లేదన్నట్టు ఎర్రర్ ఇస్తుంది. ఒక అబ్బాయి రెండురోజులు దీనితో ఏడ్చినంత పని చేసి, పైతాన్‌ని తీసేసి మళ్ళీ వేసి, అయినా రాక నా దగ్గరకొచ్చాడు, ఫైలు పేరు ముగ్గు అని మార్చితే నిమిషంలో నడిచింది. ఇంకొకటి, ఫైలుగా రాసినప్పుడు ఆఖరున డన్ అని పిలవకపోతే కొన్నిచోట్ల కిటికీ ఇలా వచ్చి అలా మూసుకుపోతుంది.

కానీ పైతాన్‌లో ఒక సంగతి నాకు ప్రాణం. పైతాన్ 3లో మనం పెట్టే పేర్లు తెలుగు లిపిలోనే ఉండొచ్చు. లోగోలో టు లాంటిది ఇక్కడ డెఫ్, అది ఇంగ్లీషులో కొట్టి, పక్కన ముందుకు అని తెలుగు అక్షరాల్లో రాసి, లోపల ఫార్వర్డ్‌ని పిలిస్తే చాలు, ఆ తర్వాత ముందుకు అని తెలుగులో రాసినా తాబేలు కదులుతుంది. ఒడియా అక్షరాలైనా అంతే. ఒక్క జాగ్రత్త, మామూలు తెలుగు మాటలు తీసుకోండి, సెంటర్‌లో లాంటి మాటల్లో అక్షరాలు విడిగా కనబడ్డానికి కీబోర్డు లోపల కనబడని గుర్తొకటి పెడుతుంది, పైతాన్ దాన్ని ఒప్పుకోదు, ఎర్రర్ ఎక్కడుందో కంటికి కనబడక చాలా సేపు వెతుక్కుంటారు.

ఒకే ముగ్గు మూడింట్లో వేసి చూడండి

మీ గుంటకి ఏది కుదురుతుందో తేల్చుకోడానికి నా పరీక్ష ఇది. ఎనిమిది రేకుల పద్మం ముగ్గు, అష్టదళం, మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే, పైగా మార్గశిరం గురువారాలు పక్కింటి ఒడియా వాళ్ళ గడపల్లో బియ్యప్పిండి నీళ్ళతో వేసే ఝోటిలో కూడా పద్మాలుంటాయి, కాబట్టి ఇది ఎందుకు గీస్తున్నామని ఎవడూ అడగడు.

ఒక రేకు అంటే వాలిన చదరం: ముందుకి 80, కుడికి 45, ముందుకి 80, కుడికి 135, ఇదంతా రెండుసార్లు. దానికి రేకు అని పేరు పెట్టాలి. తర్వాత ఎనిమిదిసార్లు: రేకు వెయ్యి, కుడికి 45 తిరుగు. మధ్యలో ఒక్కో రేకు కోణం 45, ఎనిమిది నలభైఐదులు 360, అందుకే రేకులు ఒకదానిపక్కన ఒకటి సందు లేకుండా అతుక్కుంటాయి. ఈ ముక్క పిల్లలకి మీరు చెప్పకండి, ఏడు రేకులేసి చూడమనండి, తొమ్మిదేసి చూడమనండి.

లోగోలో ఇది రెండు పేర్లు, నాలుగైదు లైన్లు, పదేళ్ళ గుంటకి ఒక సాయంత్రం. పైతాన్‌లో లైన్లు దాదాపు అన్నే గానీ బ్రాకెట్లూ కోలన్లూ లోపలికి జరపడాలూ కలిపి అదే గుంటకి మూడు సాయంత్రాలు పట్టింది, పద్నాలుగేళ్ళ వాళ్ళ అన్నకి గంటలో అయింది. స్క్రాచ్‌లో రేకు బ్లాకు తయారుచేయడం సులువే, మై బ్లాక్స్‌లోకి వెళ్ళాలని తెలిస్తే.

తర్వాత రేకులు గుండ్రంగా కావాలంటారు, ఖచ్చితంగా అంటారు, మెలికల ముగ్గులు చూసిన కళ్ళు కదా. ఇక్కడే మూడింటి స్వభావం బయటపడుతుంది. పైతాన్‌లో సర్కిల్ 100, 60 అంటే వృత్తంలో 60 డిగ్రీల ముక్క మాత్రం గీస్తుంది, తర్వాత ఎడమకి 120, ఇది రెండుసార్లు చేస్తే ఒక రేకు, సులువు. లోగోలో ఆర్క్ అని ఉంది గానీ అది తాబేలుని కదపదు, తాబేలు చుట్టూ గీస్తుంది, కాబట్టి మనకి పనికిరాదు, బదులుగా 60 సార్లు ముందుకి 2, కుడికి 1 అని నడిపించాలి, తర్వాత కుడికి 120, ఇది రెండుసార్లు. చుట్టూ తిరిగే దారంటే కొంచెం నడిచి కొంచెం తిరగడమే అని పిల్లలకి తెలిసేది ఇక్కడ, పైతాన్ సర్కిల్ ఈ సంగతిని దాచేస్తుంది, అందుకే పైతాన్ నేర్చుకునేవాళ్ళ చేత కూడా నేను ఒకసారైనా ఈ పద్ధతిలో వేయిస్తాను. స్క్రాచ్‌లోనూ ఇలాగే నడిపించాలి, కానీ స్క్రాచ్ మామూలుగా సెకనుకి 30 సార్లే రిపీట్‌ని తిప్పుతుంది, ఈ గుండ్రటి రేకు మొన 60 డిగ్రీలు కాబట్టి పువ్వుకి ఆరు రేకులు, దానికి 720 సార్లు తిరగాలి, అంటే 24 సెకన్లు. షిఫ్ట్ పట్టుకుని ఆకుపచ్చ జెండా నొక్కితే టర్బో మోడ్ వస్తుంది, అప్పుడు చటుక్కున అయిపోతుంది. మొదటిసారి మాత్రం నెమ్మదిగానే చూడనివ్వండి.

ముగ్గులూ ఈ కోడింగూ ఒకటే అని నేను ఊరికే అనడం లేదు, 1970ల్లో మద్రాస్‌లో గిఫ్ట్ సిరోమణీ వాళ్ళు తమిళ కోలాలకి వ్యాకరణం లాంటి నియమాలు రాసి కంప్యూటర్ సైన్సు పరిశోధన చేశారు. మన అమ్మమ్మలు చుక్కలు పెట్టి చెయ్యెత్తకుండా తిప్పే మెలిక కూడా నియమాలతో నడిచే గీతే. సవర వాళ్ళు గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు మాత్రం దీనికి వేరు, వాళ్ళు ముందు అంచు గీసి లోపలికి వస్తారు, నా దగ్గర ఒక గుంట అలాంటి అంచు గీయాలని పెన్ అప్ పెట్టి మూలకెళ్ళి మొదలెట్టాడు, ఆ ఒక్క బొమ్మతో పెన్ ఎత్తడం దించడం అంతా వచ్చేసింది వాడికి.

ఇంట్లో ఫోను మాత్రమే ఉందంటే

చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి, దీనికి సమాధానం చెప్పకపోతే ఈ గైడు సగమే. స్క్రాచ్ ఫోన్లో చేయడానికి వీల్లేదు, ఆండ్రాయిడ్ టాబ్లెట్ అయితే యాప్ ఉంది. లోగోకి బ్రౌజర్లోనే నడిచే సైట్లున్నాయి, ఎఫ్‌డి, ఆర్‌టి చిన్న మాటలు కాబట్టి ఫోను కీబోర్డు మీద కూడా కొట్టొచ్చు, చదరపు బ్రాకెట్ కోసం రెండు పేజీలు మార్చాల్సి రావడమొక్కటే చిరాకు. పైతాన్‌కి పైడ్రాయిడ్ 3 అనే యాప్‌లో టర్టిల్ నడుస్తుంది, నెట్ లేకపోయినా పర్లేదు, కానీ చిన్న స్క్రీన్ మీద లైన్లు లోపలికి జరపడం చిన్న పిల్లలకి కష్టం, పెద్ద క్లాసు వాళ్ళకైతే ఫర్వాలేదు. ఫోను అమ్మ చేతిలోంచి గంట దొరకడమే కష్టమైన ఇళ్ళల్లో ముందురోజు కాగితం మీద కమాండ్లు రాసుకోమనండి, స్కేలూ కోణమానినీ పెట్టి కాగితం మీదే గీసి చూసుకోమనండి, ఫోను చేతికొచ్చాక కొట్టి సరిపోయిందో లేదో చూడటమే. నా దగ్గర ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఇలాగే నేర్చుకున్నారు, మిగతావాళ్ళ కన్నా వీళ్ళకి తప్పులు తక్కువ, ఎందుకంటే కొట్టేముందే బుర్రలో నడిచి చూస్తారు.

ఇంక పాతపట్నం ఆవిడకి ఏం చెప్పానంటే, వాళ్ళబ్బాయికి పదకొండేళ్ళు, ఇంట్లో విండోస్ పాత కంప్యూటర్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొట్టగలడు, లెక్కలంటే భయం. అందుకని లోగో, స్కూలు పుస్తకంలోదే, మూడు నెలలు, పద్మం ముగ్గు వాడే సొంతంగా వేసేదాకా. వేసవి సెలవుల్లో అదే ముగ్గుని పైతాన్‌లోకి మార్చమనండి, కొత్త బొమ్మ వద్దు, అదే బొమ్మ, అప్పుడు కొత్తగా వచ్చింది భాష ఒక్కటే అవుతుంది. కోచింగ్ డబ్బులు అప్పటిదాకా కట్టొద్దన్నాను. లెక్కలంటే భయం లేని, కంప్యూటర్ అలవాటున్న పిల్లాడైతే లోగో పదిహేను రోజులు చాలని చెప్పేదాన్ని, తొమ్మిదో క్లాసైతే అసలు లోగో మాటే ఎత్తేదాన్ని కాదు. మొన్న ఆదివారం ఆవిడ ఫోటో పంపారు, వాకిట్లో సుద్దగీతలు, మధ్యలో వాడు చేతులు చాపి నిలబడి ఉన్నాడు, వాళ్ళ నానమ్మ పీట మీద కూర్చుని కుడి, ఎడమ చెప్తోంది.